గ్యాస్ గీజరా? కరెంట్ గీజరా?.. బిల్లు లెక్క ఒకటి, బాత్‌రూమ్ లెక్క ఇంకొకటి!

చలికాలం వచ్చిందంటే చాలు.. ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. గ్యాస్ గీజర్ పెట్టిద్దామా? కరెంట్ గీజర్ కొందామా? షాపుకి వెళ్తే ఒకాయన 'గ్యాస్‌దే తీసుకోండి, కరెంట్ బిల్లు సగం తగ్గుద్ది' అంటాడు. పక్కింటాయన 'గ్యాస్ వద్దండీ, డేంజర్' అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ చెప్పని సంగతి ఒకటుంది. ఖర్చులో తేడా మనం అనుకున్నంత లేదు. తేడా అంతా ఆ గీజర్‌ని ఎక్కడ బిగిస్తామన్నదాంట్లోనే ఉంది.

ముందు ఖర్చు సంగతి చూసేద్దాం. చాలామంది అడిగేది అదే కాబట్టి.

ఒక బకెట్ వేడినీళ్లకు ఎంత?

20 లీటర్ల బకెట్ తీసుకుందాం. ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయి, స్నానానికి 40 డిగ్రీలు కావాలి. దీనికి కరెంట్ గీజర్‌లో దాదాపు అర యూనిట్ ఖర్చవుతుంది. గ్యాస్ గీజర్‌లో 40 నుంచి 45 గ్రాముల గ్యాస్ కాలుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్‌తో సుమారు 320 బకెట్లు వస్తాయి. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే, బకెట్‌కి 2 రూపాయల 80 పైసలు.

మరి కరెంట్‌కి? ఇక్కడే చిక్కు. అర యూనిట్ ధర మీ ఇంటి శ్లాబుని బట్టి మారిపోతుంది. తెలంగాణలో 2022లో ఖరారైన గృహ శ్లాబుల ప్రకారం, నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉన్న ఇంట్లో 101 నుంచి 200 వరకు యూనిట్ 4.80 రూపాయలు. ఆ లెక్కన బకెట్ 2.40 రూపాయలే, గ్యాస్ కంటే తక్కువ. అదే 201 నుంచి 300 శ్లాబులోకి వెళ్తే యూనిట్ 7.70, బకెట్ 3.85 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, బకెట్ 3 రూపాయలు. 226 దాటితే యూనిట్ 8.75, బకెట్ దాదాపు 4.40. సర్‌చార్జీలు, డ్యూటీలు అదనం అనుకోండి.

నలుగురున్న ఇల్లు, రోజుకి నాలుగు బకెట్లు. నెలకి గ్యాస్ గీజర్ ఖర్చు దాదాపు 336 రూపాయలు. కరెంట్ అయితే 60 యూనిట్లు. 4.80 శ్లాబులో 288 రూపాయలు, 7.70 శ్లాబులో 462 రూపాయలు. అంటే అటో ఇటో తేడా వంద, నూటపాతిక. నలుగురూ కలిసి హోటల్‌కి వెళ్లి ఒక పూట టిఫిన్ చేసినంత కూడా కాదు. 'బిల్లు సగం' అన్న మాట పెద్ద శ్లాబు వాళ్లకి కొంచెం దగ్గర, మిగతావాళ్లకి చాలా దూరం.

అయితే ఒక గీత దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. అదే 200 యూనిట్ల గీత.

తెలంగాణలో నెలకి 150 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. ఎనర్జీ చార్జీలు 580 రూపాయలు. గీజర్ పెట్టాక 60 యూనిట్లు కలిసి 210 అయ్యాయి. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. తొలి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపై 10 యూనిట్లకు 7.70 చొప్పున.. మొత్తం 1,097 రూపాయలు. ఆ 60 యూనిట్లకి మీరు కట్టింది 517 రూపాయలన్నమాట. ఇక గృహజ్యోతి లబ్ధిదారులైతే దెబ్బ ఇంకా పెద్దది. 200 లోపు జీరో బిల్లు వచ్చే ఇల్లు, ఆ నెల గీత దాటితే మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి గీజర్ కొనేముందు గతేడాది డిసెంబర్, జనవరి బిల్లులు తీసి చూడండి. 130 యూనిట్ల లోపు ఉంటే భయం లేదు. 150, 170 దగ్గర ఉంటే ఆలోచించాల్సిందే.

గ్యాస్ వైపు కూడా ఇలాంటి లెక్కే ఉంది. రోజుకి నాలుగు బకెట్లంటే ఒక సిలిండర్ రెండున్నర నెలలకి పైగా వస్తుంది. కానీ అదే సిలిండర్ మీద వంట కూడా నడిస్తే త్వరగా అయిపోతుంది. ఏపీలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు తీసుకునే ఇంట్లో, గీజర్ వాటిలో ఒకదాన్ని చలికాలంలోనే తినేస్తుంది. పైగా గ్యాస్ గీజర్‌తో బకెట్ అలవాటు పోయి షవర్ అలవాటు అవుతుంది. నిమిషానికి 6 లీటర్ల గీజర్ కింద పది నిమిషాలు నిలబడితే 60 లీటర్లు, అంటే మూడు బకెట్లు. వేడినీళ్లు అయిపోవు కదా అని ఎవరూ బయటకి రారు. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

అసలు రెండూ ఎలా పనిచేస్తాయి?

కరెంట్ గీజర్ అంటే ఒక ట్యాంకు. లోపల హీటింగ్ ఎలిమెంట్ ఉంటుంది, నీళ్లని వేడిచేసి దాచిపెడుతుంది. 15 లీటర్ల ట్యాంకులో 60 డిగ్రీల నీళ్లుంటే, చన్నీళ్లు కలిపాక స్నానానికి 30 లీటర్ల దాకా వస్తాయి. అంటే బకెట్టున్నర. తర్వాత వచ్చేవాళ్లు 2 కిలోవాట్ల గీజర్‌కి దాదాపు 20 నిమిషాలు ఆగాలి. పొద్దున ఏడున్నరకి స్కూల్ బస్సు, ఎనిమిదికి ఆఫీస్ క్యాబ్ ఉన్న ఇంట్లో ఈ 20 నిమిషాల గురించే గొడవలన్నీ. నలుగురికీ వరుసగా స్నానాలు కావాలంటే 25 లీటర్లది చూసుకోవడం మేలు.

గ్యాస్ గీజర్‌లో ట్యాంకే ఉండదు. కుళాయి తిప్పగానే నీళ్ల ఒత్తిడికి గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బ్యాటరీతో స్పార్క్ వచ్చి బర్నర్ అంటుకుంటుంది. పైన రాగి గొట్టాల్లో పారే నీళ్లు అప్పటికప్పుడు వేడెక్కుతాయి. కుళాయి కట్టేస్తే మంట ఆగిపోతుంది. కరెంట్ పోయినా పనిచేస్తుంది. అరకు, పాడేరు, లంబసింగి వైపు, ఆదిలాబాద్ పల్లెల్లో పొద్దున్నే కరెంట్ పోయే చోట్ల ఇది చిన్న సౌకర్యం కాదు. నీళ్ల ఒత్తిడి సరిపోకపోతే మాత్రం మంటే అంటుకోదు. పై అంతస్తులో, నెత్తిమీదే ట్యాంకు ఉన్న ఇళ్లలో ఈ ఫిర్యాదు చాలా కామన్. గీజర్ పాడైందని మెకానిక్‌ని పిలుస్తారు. ఆయన వచ్చి, చిన్న ప్రెజర్ పంపు పెట్టించుకోమని చెప్పి వెళ్తాడు.

మనకొచ్చే వంట గ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన ఎల్‌పీజీ. హైదరాబాద్, విజయవాడల్లో పైపుల ద్వారా వచ్చే పీఎన్‌జీ వేరు, అది మీథేన్. ఎల్‌పీజీ కోసం చేసిన గీజర్‌ని పైప్ గ్యాస్‌కి నేరుగా తగిలించకూడదు. నాజిల్, ప్రెజర్ రెండూ వేరు. కొనేటప్పుడే ఏ గ్యాస్‌కో చెప్పి తీసుకోవాలి.

ఇప్పుడు బాత్‌రూమ్ లెక్క

షాపుల్లో ఎవరూ చెప్పని భాగం ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

మంట మండాలంటే గాలి కావాలి. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి పడుతుంది. మన అపార్ట్‌మెంట్లలో మామూలు బాత్‌రూమ్ 5 అడుగులు బై 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు. అందులో పట్టే గాలి మొత్తం 9 ఘనపు మీటర్ల లోపే. గీజర్ ఆ గది లోపలే ఉండి, తలుపు, కిటికీ మూసి ఉన్నాయనుకోండి. పది నిమిషాల షవర్‌కి దాదాపు 130 గ్రాముల గ్యాస్ కాలుతుంది. దానికోసం గదిలోని ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు ఖర్చయిపోతుంది. 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 17 దగ్గరికి పడిపోతుంది. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే ఇంకా కిందికి.

17 శాతం ఆక్సిజన్‌తో మనిషికి వెంటనే ఊపిరి ఆగిపోదు. కానీ మంట సరిగా మండదు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకి తిరుగుతుంది. గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. ప్రాణం తీసేది ఇదే.

చాలామందికి ఉన్న అపోహ ఏంటంటే, 'లీకైతే వాసన వస్తుంది కదా, తెలిసిపోద్ది' అని. వాసన వచ్చేది కాలని ఎల్‌పీజీకి. అది కూడా సహజంగా వచ్చేది కాదు, లీక్ తెలియాలని కంపెనీలు కలిపే మెర్కాప్టాన్ వాసన. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. ఏదో తేడాగా ఉందని అర్థమయ్యేసరికి చెయ్యెత్తి గొళ్లెం తీసే ఓపిక ఉండదు. బయటివాళ్లకి నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి స్నానం చేస్తున్నారనే అనుకుంటారు.

2025 అక్టోబర్‌లో కర్ణాటకలోని మైసూరు జిల్లా పిరియాపట్నలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇలాగే బాత్‌రూమ్‌లో ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి కేసులు ఎంత మామూలైపోయాయంటే, మన దేశంలో డాక్టర్లు దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అనే పేరే పెట్టుకున్నారు. బాత్‌రూమ్‌లో స్పృహ తప్పి, ఫిట్స్‌తో ఆస్పత్రికి వచ్చేవాళ్లని మూర్ఛ రోగులని పొరబడ్డ సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

అందుకే గ్యాస్ గీజర్ విషయంలో ఒక్కటే ప్రశ్న: బాత్‌రూమ్ బయట బిగించే చోటు ఉందా? బాల్కనీ, వాష్ ఏరియా, వెనక వరండా, డాబా మీద పిట్టగోడ పక్కన.. గాలి ఆడే చోటు ఏదైనా సరే. గీజర్, సిలిండర్ రెండూ అక్కడే ఉండాలి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. అలా కుదిరితే గ్యాస్ గీజర్ మంచి వస్తువే, నేను కాదనను. వాష్ ఏరియాకి అద్దాల స్లైడింగ్ డోర్లు పెట్టించుకున్న ఫ్లాట్లు ఇప్పుడు ఎక్కువ. చలికి అవి మూసేస్తే అది కూడా ఇంకో బాత్‌రూమే, జాగ్రత్త. బయట చోటు లేదా? ఇక చర్చే అక్కర్లేదు, కరెంట్‌దే తీసుకోండి. నెలకి వంద ఎక్కువైనా సరే.

'ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా' అంటారు కొందరు. ఫ్యాన్ గాలిని బయటికి లాగాలంటే లోపలికి గాలి వచ్చే దారి ఉండాలి. తలుపు కింద సందు లేకుండా రబ్బరు బీడింగ్ వేయించి, వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టిన బాత్‌రూమ్‌లో ఫ్యాన్ తిరుగుతుంది, గాలి మాత్రం కదలదు. పైగా చలికాలంలో ఆ ఫ్యాన్ వేసేవాళ్లు ఎంతమంది?

అమెరికాలో ఉన్న మనవాళ్లు 'మా ఇంట్లో ప్రొపేన్ ట్యాంక్‌లెస్ హీటర్ ఇంటి లోపలే ఉంది, ఏమీ కాదు' అని ఫోన్‌లో చెప్తుంటారు. నిజమే, కానీ ఆ మెషీన్ వేరు. అక్కడ ఇంటి లోపల బిగించేవాటికి పొగ బయటికి పోయే పైపు తప్పనిసరి. చాలా మోడల్స్ మంటకి కావాల్సిన గాలిని కూడా ఇంకో పైపుతో బయట్నుంచే తెచ్చుకుంటాయి. ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా ఉంటాయి. మన దగ్గర నాలుగైదు వేలకి దొరికే గీజర్లలో ఎక్కువ వాటికి పైన నాలుగు కన్నాలు తప్ప పొగ గొట్టం ఉండదు. ఆ కన్నాల్లోంచి వచ్చేదంతా గదిలోకే.

కరెంట్‌దైతే ఏ భయమూ లేదా?

ఉంది. 2022లో హైదరాబాద్‌లో ఓ యువ దంపతులు బాత్‌రూమ్‌లో గీజర్ కరెంట్ షాక్‌తో చనిపోయిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. తేడా ఏంటంటే, కరెంట్ ప్రమాదాన్ని ఆపే పరికరం మార్కెట్లో దొరుకుతుంది. దాని పేరు ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకుంటే, కరెంట్ కాస్త లీకైనా సెకనులో చిన్న భాగంలోనే సప్లై కట్ చేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌ల నుంచి వైరింగ్‌ని కాపాడటానికి, మనిషిని కాదు. పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ వెనక ఎర్త్ వైరే ఉండదు. గీజర్ బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించండి. ఓనర్ ఒప్పుకోకపోతే కనీసం మీ ఖర్చుతోనైనా. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద గీజర్ నడపడం మాత్రం అస్సలు వద్దు.

రెండో జాగ్రత్త ప్రెజర్ సేఫ్టీ వాల్వ్. థర్మోస్టాట్ చెడిపోయి నీళ్లు మరుగుతూనే ఉంటే, ట్యాంకు పగలకుండా ఒత్తిడిని వదిలేది ఇదే. దాన్నుంచి నీటి చుక్కలు పడుతున్నాయని కొందరు ప్లంబర్లు మూసేస్తుంటారు. మూయనివ్వకండి.

ఇక బోరు నీళ్ల సంగతి. ఉప్పు నీళ్లున్న చోట ఎలిమెంట్ మీద తెల్లగా సున్నం పొర కడుతుంది. ముందు నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, ఆపై బిల్లు పెరుగుతుంది, చివరికి ఎలిమెంట్ కాలిపోతుంది. గాజు పూత ఉన్న ట్యాంకు తీసుకోవడం, లోపలుండే మెగ్నీషియం రాడ్‌ని సర్వీసింగ్‌లో చూపించి అరిగితే మార్పించడం.. ఈ రెండూ చేస్తే ట్యాంకు చాలాకాలం వస్తుంది. ఆ రాడ్ ఒకటుందనే చాలామందికి తెలియదు. గ్యాస్ గీజర్ రాగి గొట్టాలకీ ఇదే బాధ, వాటిలో సన్నటి దారి త్వరగా పూడిపోతుంది.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ మార్కు చూడండి. కరెంట్ స్టోరేజ్ గీజర్ ప్రమాణం ఐఎస్ 2082, ఎల్‌పీజీ గీజర్‌ది ఐఎస్ 15558. కరెంట్‌దైతే బీఈఈ స్టార్లు కూడా. స్టార్లు ఎక్కువుంటే దాచిన వేడి త్వరగా పోదు. అంతమాత్రాన పొద్దున వేసి రాత్రి కట్టేస్తే మాత్రం ఏ స్టార్లూ కాపాడవు. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. చవకే, కానీ స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెడితే ఇక అంతే. ఈ రెండింటి పక్కన దాన్ని నిలబెట్టలేం.

ఇప్పటికే గ్యాస్ గీజర్ బాత్‌రూమ్‌ లోపల ఉంటే?

ముందు దాన్ని బయటికి మార్పించడానికి ప్లంబర్‌తో మాట్లాడండి. పైపు పొడిగించడం పెద్ద ఖర్చు కాదు. మార్చేవరకు ఒక పద్ధతి పాటించండి. తలుపు తెరిచి ఉంచి బకెట్లు నింపుకోండి, గీజర్ కట్టేయండి, సిలిండర్ వాల్వ్ ఆపేయండి, కాసేపాగి గాలి మారాక అప్పుడు లోపలికెళ్లి స్నానం చేయండి. లోపల మనిషి ఉండగా మంట మండకూడదు. అంతే. పిల్లల్ని, పెద్దవాళ్లని గడియ వేసుకోవద్దని చెప్పండి. మంట పసుపుగా కనిపించినా, గీజర్ మీద మసి పట్టినా ఆ రోజు నుంచే వాడకం ఆపేసి సర్వీసింగ్‌కి ఇవ్వండి.

ఎవరైనా లోపల ఎక్కువసేపు ఉండిపోయి పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనకాడొద్దు. మీరు ఊపిరి బిగబట్టి వెళ్లి ముందు మనిషిని ఆరుబయటి గాలిలోకి తీసుకురండి, గ్యాస్ ఆపండి, 108కి ఫోన్ చేయండి. కోవిడ్ టైమ్‌లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఉంది. అది వేలికి పెట్టి 98 చూపిస్తోంది కదా అని ఊరుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికి, ఆక్సిజన్ ఉన్న రక్తానికి ఆ పరికరం తేడా చెప్పలేదు. ఆస్పత్రికి వెళ్లగానే డాక్టర్‌కి 'బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది' అన్న మాట ముందు చెప్పండి. ఆ ఒక్క ముక్క వింటే వాళ్లు ఫిట్స్ మందుల కంటే ముందు ఆక్సిజన్ మాస్క్ పెడతారు.